నాలుగు గీతలు, రెండు రాగి గొట్టాలు
(ఇళ్ళలోని స్ప్లిట్ ఎయిర్ కండిషనర్ గూర్చి)

మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన ప్రతివారూ శీతలీకరణ చక్రం పటాన్ని ఏదో ఒక పరీక్షలో గీసే ఉంటారు. నాలుగు డబ్బాలు వేసి, కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, ఇవాపొరేటర్ అని పేర్లు రాసి, వాటిని నాలుగు గీతలతో కలిపి బాణాలు పెట్టేస్తే సగం మార్కులు చేతిలో పడ్డట్టే. ఆ నాలుగు డబ్బాలను గూర్చీ పుస్తకాల్లో అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి. గీతలను గూర్చి మాత్రం పరీక్షలో ఎవరూ అడగరు. పటంలో గీతకు పొడవు లేదు, ఎత్తు లేదు, వంపు లేదు. అది ఎండకు ఎండదు, వానకు తడవదు, కారదు.

ఇంటి గోడ మీదకు వచ్చేసరికి కథ మారిపోతుంది. డబ్బాలన్నీ కర్మాగారంలో, పరీక్షా యంత్రాల మధ్య తయారై వస్తాయి. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే డైకిన్, బ్లూస్టార్ సంస్థల ఎయిర్ కండిషనర్ల కర్మాగారాలు 2023లో పని మొదలుపెట్టాయి. అటువంటి చోట తయారైన యంత్రంలో ప్రతి అతుకునూ పరీక్షించిగానీ బయటకు పంపరు. కాని లోపలి పెట్టెకూ బయటి పెట్టెకూ మధ్య ఉండే రెండు రాగి గొట్టాల పని మాత్రం మన ఇంట్లోనే, ఒకటి రెండు గంటల్లో, సన్‌షేడ్ మీద నిలబడ్డ ఒక మనిషి చేతుల్లో పూర్తవుతుంది. యంత్రం మొత్తంలో ఇంటి దగ్గర తయారయ్యే భాగం ఇదొక్కటే. అంచేత చాలా జబ్బులకు మూలం కూడా ఇక్కడే. ఈ గొట్టాలను ఏ దారిన తీసుకుపోవాలి, ఎందుకు అలాగే తీసుకుపోవాలి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న విషయం. మెకానికల్ వాళ్ళకే కాదు, ఎండాకాలంలో కరెంటు బిల్లు కట్టే ప్రతివారికీ ఇది పనికొచ్చే సంగతే.

కూజాలో ఉన్న సూత్రమే

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మన పెద్దలకు ఉన్న సాధనాలు రెండు: మట్టి కూజా, వట్టివేళ్ళ తడిక. కూజా గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిలోని వేడిని పట్టుకుపోతుంది. ఎయిర్ కండిషనర్ చేసే పనీ ఇదే. తేడా ఏమిటంటే కూజాలో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది. ఎయిర్ కండిషనర్‌లో ఆవిరైన ద్రవాన్ని వదిలిపెట్టకుండా పట్టుకుని, బయటకు తీసుకుపోయి, అదిమి, వేడిని అక్కడ దింపేసి, మళ్ళీ ద్రవంగా మార్చి లోపలికి పంపుతారు. ఈ ద్రవాన్నే వాడుకలో మనం 'గ్యాస్' అంటున్నాం.

1902లో విల్లిస్ కారియర్ అనే అమెరికన్ ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కార్యాలయం కోసం గాలిలోని తేమను అదుపుచేసే యంత్రాన్ని రూపొందించాడు. మనుషుల సుఖం కోసం కాదు, తేమకు కాగితం సాగి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడకపోవడం వల్ల! తర్వాత చాలాకాలానికి కిటికీలో కూర్చునే పెట్టె వచ్చింది. అందులో నాలుగు డబ్బాలూ, నాలుగు గీతలూ ఒకే పెట్టెలో ఉండేవి. గోల కూడా గదిలోనే ఉండేది. 1960 దశకంలో జపాను కంపెనీలు ఆ పెట్టెను రెండుగా చీల్చి, చప్పుడు చేసే భాగాన్ని గోడ అవతలికి నెట్టాయి. గది ప్రశాంతమైంది. అందుకు ప్రతిఫలంగా మనకు రెండు పొడుగాటి గొట్టాలు సంక్రమించాయి.

ఏ గొట్టంలో ఏముంది?

ఆ రెండింటిలో ఒకటి సన్నది, ఒకటి లావుది. ఒక టన్ను యంత్రానికి సాధారణంగా సన్నది పావు అంగుళం, లావుది 3/8 అంగుళం ఉంటాయి. ఒకటిన్నర టన్నుకు పావు, అర అంగుళం. టన్ను అన్నమాట యంత్రం బరువు కాదని వేరే చెప్పనక్కరలేదు. ఒక అమెరికన్ టన్ను, అంటే 2,000 పౌండ్ల మంచుగడ్డను 24 గంటల్లో కరిగించే వేడి ఎంతో అంత వేడిని గదిలోంచి లాగే శక్తి. లెక్క వేస్తే 3.5 కిలోవాట్లు వస్తుంది.

పుస్తకం చదివిన విద్యార్థిని అడిగితే, "సన్న గొట్టంలో వెచ్చని ద్రవం, లావు గొట్టంలో చల్లని ఆవిరి, కాబట్టి లావు దానికి తొడుగు వేస్తే చాలు" అంటాడు. పెద్ద యంత్రాల విషయంలో ఆ మాట నిజమే. కాని ఇళ్ళలో గోడకు తగిలించే యంత్రాలలో ఎక్స్‌పాన్షన్ జరిగే కేపిల్లరీగానీ, ఎలక్ట్రానిక్ వాల్వుగానీ సాధారణంగా బయటి పెట్టెలోనే ఉంటుంది. అంటే ద్రవం పీడనం తగ్గి, చల్లబడ్డాకనే సన్న గొట్టంలోకి దిగుతుంది. అంచేత రెండు గొట్టాలూ చల్లనివే. రెండింటికీ విడివిడిగా తొడుగు ఉండి తీరాలి. రెండింటినీ కలిపి ఒకే తొడుగులో దోపితే ఒకదాని వేడి మరొకదానికి అంటుకుంటుంది, నష్టం మనకే.

పీడనం సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. ఈనాటి యంత్రాలలో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్ 10 డిగ్రీల దగ్గర ఆవిరవుతున్నప్పుడు గొట్టంలో పీడనం వాతావరణ పీడనానికి సుమారు 11 రెట్లు. యంత్రాన్ని ఆపేస్తే పీడనం తగ్గుతుందని మనం అనుకుంటాం. నిజానికి పెరుగుతుంది. అంతా సమానమై, గ్యాస్ గది ఉష్ణోగ్రతకు వస్తుంది. మధ్యాహ్నం తాళం వేసిన ఇంట్లో 35 డిగ్రీలుంటే ఆ పీడనం సుమారు 22 రెట్లు, అంటే చదరపు అంగుళానికి 300 పౌండ్ల మాట. కారు టైరులో ఉండేది 32 పౌండ్లేనని గుర్తు తెచ్చుకుంటే దీని బలం బోధపడుతుంది. మనం ఊరెళ్ళినప్పుడు కూడా ఆ అతుకులు ఈ బరువును మోస్తూనే ఉంటాయన్నమాట.

లావెంత? ఒక చిన్న లెక్క

"ఇంట్లో పాత ఒక టన్ను యంత్రం గొట్టం ఉంది కదా, కొత్త ఒకటిన్నర టన్నుకు అదే తగిలించెయ్యండి" అనేవారున్నారు. చూద్దాం. ఒకటిన్నర టన్ను అంటే సుమారు 5.25 కిలోవాట్లు. ఆర్-32 ప్రతి కిలోకూ సుమారు 235 కిలోజౌళ్ళ వేడిని పట్టుకుపోతుందనుకుంటే, సెకనుకు 22 గ్రాములు ప్రవహించాలి. కంప్రెసర్‌కు తిరిగివచ్చే ఆవిరి సాంద్రత ఘనమీటరుకు 28 కిలోల చిల్లర. ఈ లెక్కన అర అంగుళం గొట్టంలో ఆవిరి వేగం సెకనుకు 8 మీటర్లు. అదే 3/8 గొట్టంలో 16 మీటర్లు. 5/8 గొట్టంలో 5 మీటర్లు.

ఒకే ప్రవాహానికి రాపిడి వల్ల పోయే పీడనం గొట్టం వ్యాసం అయిదో ఘాతాన్ని బట్టి మారుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదువుకున్నాం. అర అంగుళం బదులు 3/8 వేస్తే రాపిడి నష్టం అయిదు రెట్ల పైన. కంప్రెసర్ దగ్గరకు పలచని ఆవిరి చేరుతుంది. అదే మోటారు అంతే తిరిగినా తక్కువ గ్యాస్ కదులుతుంది. గది చల్లబడదు, మీటరు మాత్రం తిరుగుతుంది.

"అయితే మరీ లావుది వేస్తే పోలా?" అని అడగవచ్చు. అక్కడే చిక్కుంది. కంప్రెసర్‌లోని నూనె కొంత గ్యాస్‌తో కలిసి ఊరేగింపుకు బయలుదేరుతుంది. అది తిరిగి ఇల్లు చేరకపోతే కంప్రెసర్ ఎండిపోయి కాలిపోతుంది. ఆవిరి వేగమే దాన్ని గొట్టం గోడల వెంట తోసుకురావాలి. నిలువుగా పైకి ఎక్కవలసిన గొట్టంలో సెకనుకు సుమారు 5 మీటర్ల వేగం, అడ్డంగా పోయే దానిలో అందులో సగం ఉంటే మంచిదని ఈ రంగంలోని వాళ్ళ లెక్క. లావు గొట్టం వేస్తే ఆ వేగం అందదు. సన్నమైతే ఊపిరాడదు, లావైతే నూనె రాదు. కంపెనీవారు సూచించిన కొలతే వాడాలనడంలోని రహస్యం ఇదే. ఇన్వర్టర్ యంత్రాలు తక్కువ వేగంతో తిరిగేటప్పుడు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ కాబట్టి, కొన్నింటిలో మధ్యమధ్య కాసేపు వేగం పెంచి నూనెను వెనక్కి రప్పించే ఏర్పాటు కూడా ఉంటుంది.

దారి నిర్ణయం

ఇక అసలు విషయానికి వద్దాం. గొట్టం దారి నిర్ణయించేటప్పుడు చూడవలసినవి మూడు: పొడవు, ఎత్తు, వంపులు.

పొడవు తక్కువైతే మంచిదే, కాని మరీ తక్కువ పనికిరాదు. చాలా కంపెనీలు కనీసం 3 మీటర్లు ఉండాలంటాయి. మరీ పొట్టి గొట్టం కంప్రెసర్ అదురును తిన్నగా గదిలోకి మోసుకొస్తుంది. గరిష్ఠ పరిమితి మోడల్‌ను బట్టి ఉంటుంది, అది యంత్రంతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. కర్మాగారంలో నింపిన గ్యాస్ కొన్ని మీటర్ల వరకే సరిపోతుంది. అంతకు మించితే మీటరుకు ఇన్ని గ్రాములని అదనంగా తూచి వేయాలి. పావు అంగుళం గొట్టం లోపలి వ్యాసం సుమారు 4.75 మిల్లీమీటర్లు. ఒక మీటరులో పట్టేది 17.7 ఘన సెంటీమీటర్లు. అదంతా ద్రవంతో నిండిందనుకుంటే సుమారు 17 గ్రాములు. కంపెనీలు చెప్పే సంఖ్యలు సాధారణంగా ఈ చుట్టుపక్కలే ఉంటాయి. "చేత్తో పట్టుకు చూశాను, చల్లగా ఉంది, సరిపోయింది" అనడం లెక్క కాదు. తూకం ఒక్కటే లెక్క.

పెట్టెతో వచ్చిన గొట్టం అవసరానికంటే పొడుగైతే మిగిలినదాన్ని బయటి పెట్టె వెనకాల చుట్టచుట్టి కట్టేయడం మామూలే. ఆ చుట్ట పడుకున్నట్టు, అంటే నేలకు సమాంతరంగా ఉండాలి. నిలబెట్టి కడితే ప్రతి చుట్టు అడుగునా నూనె నిలిచే గుంట ఏర్పడుతుంది.

ఎత్తు సంగతి. లోపలి పెట్టె పైన, బయటి పెట్టె కింద ఉంటే నూనె తనంత తానే జారి వస్తుంది. డాబా మీద బయటి పెట్టె పెట్టి, కింది అంతస్తు గదికి గొట్టం దింపితే ఆవిరి పైకెక్కాలి, నూనెనూ ఎక్కించాలి. ఎత్తు ఎక్కువైనప్పుడు నిలువు గొట్టం మొదట్లో చిన్న 'యు' వంపు పెట్టే పద్ధతి ఉంది. నూనె అక్కడ చేరి, దారి ఇరుకైనప్పుడు ఆవిరి దాన్ని ఒక్క ఊపున పైకి తోస్తుంది. ఈనాటి చిన్న యంత్రాలలో కొన్నింటికి ఇది అక్కరలేదని తయారీదారులే రాస్తారు. పుస్తకం ఏమంటే అదే వేదం. కాని ఎవరూ కోరకుండానే దారి మధ్యలో పైకీ కిందకీ అలల్లా పోయే గొట్టాలు మాత్రం ఏ పుస్తకానికీ సమ్మతం కాదు.

వంపుల దగ్గర లోహశాస్త్రం పనికొస్తుంది. మెత్తబరచిన రాగి మొదటిసారి వంచినప్పుడు మైనంలా లొంగుతుంది. అదే చోట వంచి, చాపి, మళ్ళీ వంచితే గట్టిపడి పెళుసుబారుతుంది. కంప్రెసర్ అదురుకు కొన్నాళ్ళకు అక్కడే చీలుతుంది. మోకాలి మీద పెట్టి వంచితే గొట్టం నొక్కుకుపోయి, మడతపడుతుంది. ఆ మడత చక్రంలో రెండో ఎక్స్‌పాన్షన్ వాల్వులా పనిచేస్తుంది, మనం కోరని చోట! బెండరుగానీ, స్ప్రింగుగానీ వాడి, వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి నాలుగు రెట్లకు తగ్గకుండా, ఒక్కసారే వంచాలి. వంపులు ఎన్ని తగ్గితే అంత మేలు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. గొట్టం పొట్టిగా ఉండాలని బయటి పెట్టెను దగ్గరలోని ఇరుకు డక్టులో పెట్టాలా, నాలుగు మీటర్లు దూరమైనా గాలి ఆడే చోట పెట్టాలా? పరిమితిలో ఉన్నంతవరకు గాలి ఆడే చోటే మంచిది. అపార్టుమెంటు డక్టుల్లో ఒకదానిమీద ఒకటిగా పది పెట్టెలు పెడితే, కింది పెట్టె ఊదిన వేడి గాలినే పై పెట్టె పీల్చుకుంటుంది. పొడుగు గొట్టం వల్ల పోయేది కొంచెం, వేడి గాలి పీల్చడం వల్ల పోయేది అంతకంటే చాలా ఎక్కువ. పక్కింటివారి కిటికీలోకి ఊదకుండా చూడడం మర్యాద కూడా.

గోడకు వేసే కన్నం

కన్నం సుమారు 65 మిల్లీమీటర్లు ఉంటుంది. అది లోపలినుంచి బయటకు కాస్త వాలుగా ఉండాలి. ఎందుకంటే ఆ కట్టలోనే నీళ్ళ గొట్టం కూడా పోతుంది. ఒకటిన్నర టన్ను యంత్రం శక్తిలో నాలుగోవంతు తేమను తీయడానికే ఖర్చయిందనుకుంటే, గంటకు దాదాపు రెండు లీటర్ల నీరు దిగుతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళలో ఈ నీరు హైదరాబాదులో కంటే ఎక్కువే. నీటికి మోటారు లేదు, వాలు ఒక్కటే దాని వాహనం. అంచేత కట్టలో నీళ్ళ గొట్టం అన్నింటికంటే అడుగున ఉండాలి, దారిలో ఎక్కడా పైకి లేవకూడదు, దాని కొస బకెట్టు నీళ్ళలో మునగకూడదు, మురుగు గొట్టంలోకి తిన్నగా కలపకూడదు. కలిపితే నీళ్ళు పోవడం మాట ఎలా ఉన్నా మురుగు వాసన మాత్రం చల్లగా గదిలోకి వస్తుంది.

గొట్టాల కట్ట కన్నంలోంచి బయటపడ్డాక, కొంచెం కిందికి దిగి ఆ తర్వాతే పైకి పోవాలి. లేకపోతే వానాకాలంలో గొట్టం వెంట జారిన నీరు గోడలోకి దారి చేసుకుంటుంది. కన్నంలో ప్లాస్టిక్ స్లీవ్ వేసి, మిగిలిన సందును పుట్టీతో మూసెయ్యాలి. లేకపోతే చీమలూ బల్లులూ తమ సంసారాలు అక్కడే పెట్టేస్తాయి.

తొడుగు, చెమట

వేసవి సాయంత్రం విశాఖలో గాలి 33 డిగ్రీలు, తేమ 75 శాతం ఉందనుకుందాం. ఆ గాలి 28 డిగ్రీల దగ్గరే నీరు వదలడం మొదలుపెడుతుంది. మన గొట్టం ఉన్నది 10 డిగ్రీల దగ్గర. తొడుగులో ఒక్క అంగుళం సందు ఉన్నా అక్కడ చెమట పట్టి, బొట్లుబొట్లుగా కారి, ఫాల్స్ సీలింగ్ మీద మచ్చ వేస్తుంది. "ఏసీ కారుతోంది" అని పిలిపించిన సందర్భాల్లో తప్పు యంత్రానిది కాకుండా తొడుగుదయ్యే అవకాశం ఇందువల్లే.

తొడుగుల్లో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. తెల్లని పాలిథిన్ ఫోమ్ చవక, కాని ఎండకు కొన్నాళ్ళకే పొడిపొడిగా రాలిపోతుంది. నల్లని నైట్రైల్ రబ్బరు గదులు గదులుగా మూసుకుని ఉంటుంది, తేమ లోపలికి చొరదు, ఎక్కువకాలం మన్నుతుంది. దానికీ ఎండ పడదు కాబట్టి పైన టేపు చుట్టాలి. టేపు చుట్టడంలోనూ ఒక శాస్త్రం ఉంది: కిందినుంచి పైకి చుట్టాలి. అప్పుడు పై చుట్టు కింది చుట్టు మీద, పెంకుటింటి పెంకుల్లా పడుతుంది, వాన నీరు జారిపోతుంది. పైనుంచి కిందికి చుడితే ప్రతి చుట్టూ ఒక దోసిలే.

గోడలో పూడ్చే గొట్టాలు

కొత్త అపార్టుమెంట్లలో గచ్చు వేయకముందే గోడలో గాడి తీసి రాగి గొట్టాలు పూడ్చేస్తున్నారు. చూడడానికి బాగుంటుంది. అయితే మూడు నియమాలు పాటించాలి. గోడలో అతుకు ఉండకూడదు. ఒక కొసనుంచి రెండో కొసకు ఒకే గొట్టం ఉండాలి. కొసలు రెండూ మూసి, లోపల నైట్రోజన్ నింపి, మీటరు పెట్టి, పూత పని పూర్తయ్యేదాకా పీడనం నిలిచిందో లేదో చూడాలి. గొట్టం ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో కొలతలతో ఫొటో తీసి ఇంటివారికివ్వాలి. లేకపోతే కర్టెన్ రాడ్డు కోసం పెట్టిన డ్రిల్లు తిన్నగా గొట్టంలోకే దిగుతుంది. తెరిచి వదిలేసిన గొట్టంలోకి దుమ్మూ, సిమెంటూ, తేమా చేరితే తర్వాత ఎంత ఖరీదైన యంత్రం తగిలించినా ఉపయోగం లేదు.

కొస దగ్గర కొలువు

గొట్టాన్ని యంత్రానికి కలిపే చోట కొసను 45 డిగ్రీల కోణంలో గరాటులా విప్పి, నట్టుతో బిగిస్తారు. దీన్నే ఫ్లేరింగ్ అంటారు. రంపంతో కాక కట్టరుతో కోయాలి. లోపలి అంచు గీకేటప్పుడు గొట్టం నోరు కిందికి పెట్టాలి, రజను లోపలికి పోకుండా. నట్టు ముందే తొడగాలి. తొడగకుండా ఫ్లేర్ చేసి, మళ్ళీ కోసి, తలపట్టుకోని శిక్షణార్థి ఉండడు. పావు అంగుళం నట్టుకు 15 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళం నట్టుకు 50 నుంచి 60 వరకు బిగింపు కావాలి. తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే రాగి పలచబడి చీలుతుంది. బలమున్నవాడు బాగా బిగిస్తాడనేది అపోహ. రెండు స్పానర్లు వాడాలి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే గొట్టమే మెలితిరుగుతుంది.

బిగించాక నైట్రోజన్‌తో పీడన పరీక్ష, సబ్బు నురుగుతో అతుకుల పరీక్ష చేయాలి. నైట్రోజన్ సిలిండరు అందుబాటులో లేదని ఆక్సిజన్ వాడడం ప్రాణాంతకం. పీడనంలో ఉన్న ఆక్సిజన్, కంప్రెసర్ నూనె కలిస్తే పేలుడే. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

ఆ తర్వాత వాక్యూమ్ పంపు. గొట్టాల్లోని గాలి చల్లబరిస్తే ద్రవం కాదు. అది కండెన్సర్‌లో చేరి, డాల్టన్ నియమం ప్రకారం తన పీడనాన్ని కూడా కలుపుతుంది. తేమ ఇంకా చెడ్డది; కొత్త గ్యాసులతో వాడే ఎస్టర్ నూనెలను విడగొట్టి ఆమ్లంగా మారుస్తుంది. 30 డిగ్రీల దగ్గర నీరు 32 మిల్లీమీటర్ల పాదరస పీడనంలోనే మరుగుతుంది. పంపు 500 మైక్రాన్లకు, అంటే అర మిల్లీమీటరుకు దించితే గొట్టంలోని తడి ఆవిరై బయటకు పోతుంది. పంపు ఆపాక ముల్లు నిలబడితే పని పూర్తయినట్టు. కొందరు పంపు లేకుండా, యంత్రంలోని గ్యాస్‌నే కాస్త వదిలి గాలిని తోసేస్తారు. అందులో తేమ పోదు, గ్యాస్ పోతుంది. పైగా ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్నది.

"గ్యాస్ అయిపోయిందండీ!"

ఎయిర్ కండిషనర్‌లో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. నెత్తురులా తిరిగేది. అతుకులు సరిగా ఉంటే యంత్రం బతికినన్నాళ్ళూ మొదట నింపినదే చాలు. ఏటా వేసవికి ముందు గ్యాస్ నింపించుకోవలసి వస్తోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతకకుండా నింపడం చిల్లు కుండకు నీళ్ళు మోయడమే.

ఇందులో మన జేబుకే కాదు, లోకానికీ నష్టముంది. 1974లో రోలండ్, మొలీనా అనే శాస్త్రజ్ఞులు క్లోరిన్ ఉన్న ఇటువంటి వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ మీదట వచ్చిన గ్యాసులు ఓజోన్ జోలికి పోవుగాని భూమిని వేడెక్కిస్తాయి. 2016లో కిగాలిలో వీటిని కూడా తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి. ఒక కిలో ఆర్-410ఎ గాలిలో కలిస్తే నూరేళ్ళలో 2,088 కిలోల బొగ్గుపులుసు వాయువు చేసేంత కీడు చేస్తుంది. ఆర్-32 అయితే 675 కిలోలంత. అంటే ఒక్క ఇంటి యంత్రంలోని కిలో గ్యాస్ కారిపోతే సుమారు 290 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. సరిగా బిగించని ఒక్క నట్టు వల్ల!

మండే గ్యాస్ అంటే భయపడనక్కరలేదు. పదీ పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తు అంటే 34 ఘనమీటర్లు. 800 గ్రాముల ఆర్-32 మొత్తం కారి గదంతా సమంగా పరచుకుంటే ఘనమీటరుకు 24 గ్రాములు. అది మండాలంటే సుమారు 300 గ్రాములు కావాలి. కాని గాలి కంటే బరువు కాబట్టి నేల దగ్గర, మూలల్లో పేరుకుంటుంది. అంచేత పనిచేసేటప్పుడు కిటికీలు తీసి ఉంచాలి, దగ్గరలో మంట ఉండకూడదు. యంత్రం ఊడదీసేటప్పుడు గ్యాస్‌ను బయటి పెట్టెలోకి లాగాక, ముందు కంప్రెసర్ ఆపి ఆ తర్వాతే గొట్టం విప్పాలి. తిరుగుతున్న కంప్రెసర్ గాలిని లోపలికి పీలిస్తే, గాలీ నూనే కలిసి డీజిల్ ఇంజనులోలా పేలే ప్రమాదం ఉంది.

చివరిగా

ఇంతవరకు చెప్పిన పనులన్నీ చేయవలసింది మూడో అంతస్తు సన్‌షేడ్ మీద, మండుటెండలో, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డ మనిషి. రోజుకు నాలుగిళ్ళు తిరగవలసినవాడికి వాక్యూమ్ పంపు అరగంట ఆడించే తీరిక మనమే ఇవ్వాలి. నడుముకు బెల్టు ఉందా అని మనమే అడగాలి. "త్వరగా కానివ్వవయ్యా" అనే మాటకు ఆ తర్వాత ఏళ్ళ తరబడి మూల్యం చెల్లించేదీ మనమే.

అంతకంటే ముఖ్యమైన సంగతి, అతణ్ణి ఆ సన్‌షేడ్ మీదకు ఎక్కించింది ఇల్లు గీసిన ఇంజనీరు. ప్లానులో బయటి పెట్టెకు గాలాడే చోటు, మనిషి నిలబడి పనిచేసేందుకు పిట్టగోడ ఉన్న చిన్న అరుగు, గొట్టాలకూ నీళ్ళకూ ముందే నిర్ణయించిన దారి ఉంటే ఈ సాహసాలతో పనేముంది? మన సివిల్, ఆర్కిటెక్చర్ మిత్రులు రేపు ఇళ్ళ పటాలు గీయబోయేవారే. మెకానికల్ మిత్రులు యంత్రాలను ఎంచబోయేవారే. ఇద్దరూ ఒక్క అరగంట ఒకే బల్ల దగ్గర కూర్చుంటే చాలు. ఆ పటంలో గీతకు పొడవుందని, బరువుందని, దాని పక్కన ఒక మనిషి నిలబడవలసి ఉంటుందని గుర్తుంచుకుని గీయమని మాత్రమే మనవి.